రైట్ రైట్

పదకొండో రోజు కండ్లు తెరిచిండు.
నన్ను చూసిండో, నా ఎనుక గోడను చూసిండో.
పెదవులు కదిలితె చెవి దగ్గరవెట్టి విన్న.
"రైట్ రైట్" అన్నడు.
ఎంజీఎం వార్డుల నర్సమ్మ నవ్వింది.
నేను కొంగు నోట్లె కుక్కుకున్న.

ఇరవై రెండేండ్లు పరకాల బస్సుల కండక్టరు.
ఎవలు ఏడ దిగాల్నో
వాళ్లకంటె ముందు ఓదెలుకెరుక.
ఇప్పుడు నా పేరు లేదు, బిడ్డ పేరు లేదు,
నీళ్లు లేవు, నొప్పి లేదు,
అన్నిటికి కలిపి ఒక్కటే టికెట్.
ఆకలైతె రైట్ రైట్.
పక్క తడిస్తె రైట్ రైట్.
నడిరాత్రి గోడకు మొఖం తిప్పుకొని
ఏడ్సుకుంట గుడ అదే.

డాక్టరు ఫిల్మును కిటికీ ఎలుగుకు పట్టి చూపెట్టిండు.
"ఎడమ దిక్కున, మాటలుండె జాగల దెబ్బ దాకిందమ్మా."
ఆ నల్ల మచ్చ నాకు
వడ్ల మీద కప్పిన పరదా లెక్కనే కొట్టింది.
గూడెప్పాడ్ దాటినంక
సగం రోడ్డుదాక ఆరబోసిన కుప్ప,
చుట్టూ బండరాళ్లు, దీపం లేదు.
ఆఖరి ట్రిప్పు దిగి బండి మీద వస్తున్నడు.
ఇల్లు ఇంక రెండు కిలోమీటర్లే.

నౌషీన్ అని సన్నపిల్ల, మాటలు నేర్పేటామె.
"ఇదేంది, అదేంది అని అడగకు అక్కా,
పరీక్ష పెట్టకు.
ఆయన నోటికి అలవాటున్న తొవ్వల పో" అన్నది.
పోయిన.
పొద్దుగాల చాయ్ తాపుకుంట, గడ్డం గీసుకుంట,
హన్మకొండ, ములుగు రోడ్డు, ఆరెపల్లి...
నేను కండక్టరునైన, ఆయన ప్యాసింజరు.
ఆర్నెల్లకు ఒకనాడు
"ఒగ్లా" అని ఆగిన.
నోరు తెరిచిండు. మెడ నరాలు లేసినయ్,
నొసట చెమట వట్టింది.
"...పూర్."
సగం ఊరు వచ్చింది.
వాడకట్టంత తిరిగి చెప్పొచ్చిన.

కుడి చెయ్యికి ఏరుడు పని.
ఈ గిన్నెలకెల్లి ఆ గిన్నెలకు, ఒక్కొక్కటి.
చింతగింజలైనయ్, శనగలైనయ్.
"ఇంక చిన్నయి కావాలె" అన్నది నౌషీన్.
మా ఇంట్ల చిన్నయంటే వడ్లే.
రెండు దినాలు గిన్నె ముందటవెట్ట చేతులు రాలే.
మూడోనాడు పెట్టిన.
ఆయినకేం గుర్తులేదు.
నాకే గింజ గింజకు కండ్లు మండినయ్.

మొన్న ఐతారం కొమురెల్లి వచ్చిండు.
కుప్ప ఆయినదే.
అరబస్తా బియ్యం గడప పక్కన దించి
లోపలికి రాలే.
"కాంటా కాక పన్నెండు రాత్రులు
ఆ రోడ్డు మీదనే పండుకున్న చెల్లె.
ఆ ఒక్కనాడే బుక్కెడు తినొస్తనని పోయిన."
నేను కూసోమనలే. నీళ్లియ్యలే.

ఓదెలు తలకాయ లేపిండు.
వేళ్ల నడుమ గింజ అట్లనే ఉన్నది.
సిల్లర తక్కువిచ్చినోన్ని చూసినట్టు
చానసేపు చూసిండు.
"రైట్ రైట్" అన్నడు.

కొమురెల్లి రెండు చేతులు జోడించి
చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు.
ఆయినకున్నది ఆ ఒక్కమాటేనని
చెప్పుదామనుకున్న. చెప్పలే.
ఆకలి రైట్ రైట్ పైకి లేస్తది,
తడిసిన పక్కది కిందికి జారుతది,
కోపానిది పండ్లల్ల ఇరుక్కుంటది.
అన్నీ పట్టిన నేను ఏడాదిసంది.
గీ రైట్ రైట్ మాత్రం
ఇప్పటిదాక ఇనలే.

బస్తా ఇంకా గడప పక్కనే ఉన్నది,
మూతి ఇప్పలే.
ఇయ్యాల గిన్నెల నలభై మూడు గింజలు.
నిన్నటికి రెండు తక్కువ.